నీ ఓటు ఎక్కడికి పోయింది, అమ్ములూ?

అమ్ములుకీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు. చదవడం కష్టమైతే నాన్నతో చదివించుకోండి.

అమ్ములూ, 2024 అమెరికా ప్రెసిడెంటు ఎన్నికల మర్నాడు మీ నాన్న వీడియో కాల్ చేసినప్పుడు వెనక సోఫాలో ముసుగుతన్ని పడుకున్నది నువ్వేనని నాకు తెలుసు. రాత్రంతా టీవీ ముందే ఉందని, అన్నం కూడా తినలేదని మీ అమ్మ చెప్పింది. నాలుగేళ్లకు మళ్లీ వస్తాయిలే అని నేను అనను. ఆ మాట మీ నాన్న అనే ఉంటాడు. మొన్న సంక్రాంతికి నువ్వన్న మాట మాత్రం నన్ను పట్టుకుంది. "తాతయ్యా, టెక్సాస్‌లో నేను ఓటు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే" అన్నావు.

ముందు లెక్క చూద్దాం. మీ ప్రెసిడెంటును ఎన్నుకునేది 538 మంది ఎలెక్టర్లు, అంటే రాష్ట్రాల తరఫున ఓటేసే ప్రతినిధులు. 270 వస్తే గెలుపు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా చాలు, అక్కడి ఎలెక్టర్లంతా వాళ్లకే. టెక్సాస్‌లో 40 మంది. అక్కడ నువ్వు ఓటేసిన కమలా హారిస్‌కి, ట్రంప్ మీద పోటీ చేసినావిడకి, 48 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి, వచ్చిన ఎలెక్టర్లు సున్నా. సరే, ఫ్రీమాంట్‌లో మీ బావ ట్రంప్‌కి వేశాడు కదా. కాలిఫోర్నియాలో ట్రంప్‌కి 60 లక్షలు దాటాయి. 54 మంది ఎలెక్టర్లలో ఒక్కడూ రాలేదు. ట్రంప్‌కి వచ్చిన 312లో మీ బావ ఓటు తెచ్చిపెట్టింది ఏమీ లేదు. అయినా వాడు ఆ రాత్రి ఫ్రెండ్స్‌ని పిలిచి పిజ్జాలు తెప్పించాడు, నువ్వు ముసుగుతన్నావు. ఓట్లకు పట్టిన గతి మాత్రం ఇద్దరిదీ ఒకటే.

వాణ్ణి వెక్కిరించే హక్కు నాకు లేదులే. నా మొదటి ఓటు 1977 మార్చిలో. అప్పుడు 21 నిండితేనే ఓటు. ఎమర్జెన్సీ మీద జనం తీర్పు చెప్పిన ఎన్నికలవి. కాంగ్రెస్‌ది ఆవూదూడ గుర్తు, జనతాది నాగలి పట్టిన రైతు. తెనాలిలో మా వీధి బడే పోలింగ్ బూత్. రబ్బరు ముద్ర చేతికిచ్చారు. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే ఓటు చెల్లదని మా నాన్న పదిసార్లు చెప్పి పంపాడేమో, ఒకటే టెన్షన్. నాగలి రైతు మీద గుద్ది, తడి సిరా అవతలి గుర్తుకి అంటుకుంటుందేమోనని ఉఫ్ ఉఫ్‌మని ఊది ఆరబెట్టి మడిచాను. మా నాన్న కాంగ్రెస్ మనిషి. ఎవరికి వేశానో ఇంట్లో చెప్పలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. జనతాకి దక్కిన ఒక్కటీ నంద్యాల, నీలం సంజీవరెడ్డి గారిది. అంటే మా ఊళ్లో నేను ఓడిపోయాను. కానీ రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీయే ఓడిపోయిందని, ఉత్తరప్రదేశ్‌లో 85కి 85 పోయాయని రేడియోలో విని, మేడ మీదికి పోయి ఒక్కణ్ణే గంతులేశాను. నా ముద్రకి అందులో వీసమెత్తు పాత్ర లేదు. కిందికొచ్చేసరికి మా నాన్న రేడియో కట్టేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకరించలేదు నేను. నిన్ను సోఫాలో చూసినప్పటి నుంచీ ఆయన వీపే గుర్తొస్తోంది.

చిన్నా, రాష్ట్రపతీ ప్రెసిడెంటూ ఒకటేనా అని అడిగావు. కాదురా. మా రాష్ట్రపతికి మేం ఓటెయ్యం, ఎంపీలూ ఎమ్మెల్యేలూ వేస్తారు. ఆ సంజీవరెడ్డి గారే 1969లో ఆ ఎన్నికలో వి.వి.గిరి చేతిలో ఓడిపోయి, ఊరెళ్లి సేద్యం చేసుకున్నారు. 1977లో అదే పదవికి పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఇది అక్కని ఓదార్చడానికి చెప్పడం లేదు, నువ్వు అడిగావు గనక చెప్పాను.

ఎలెక్టర్ల ఓట్లు లెక్కపెట్టే రోజు, జనవరి 6న, హారిస్ తన ఓటమి అంకెలు తానే చదవడం చూశావా అమ్ములూ? అప్పటి ఉపాధ్యక్షురాలిగా అది ఆమె పని. 312, 226 అని గొంతు తడబడకుండా చదివింది. 2001లో అప్పటి ఉపాధ్యక్షుడు అల్ గోర్‌కీ ఇదే పని పడింది. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో ప్రెసిడెంటు పదవి పోగొట్టుకున్న మనిషి ఆయన.

నువ్వు పంపిన నమూనా బ్యాలెట్‌ని ఇక్కడ నెట్ సెంటర్లో ప్రింట్ తీయించుకున్నాను. పైన ప్రెసిడెంటు ఒక్క గడే. కింద సెనేటరు, జడ్జీలు, ఇంకా బోలెడు పేర్లు. అక్కడ ఎలెక్టర్లు లేరు, నీ ఓటు నేరుగా లెక్కలోకి వస్తుంది. రైల్‌రోడ్ కమిషనర్ అని ఒకటుంది, రైళ్లు చూసే పదవనుకున్నా. చమురు, గ్యాస్ చూస్తారట! పేరు మాత్రం అలాగే ఉంచేశారు. ఆ గడిలో ఎవరికి వేశావు? వాళ్లెవరో తెలుసుకుని వేశావా, పార్టీ చూసి వేశావా? పార్టీ చూసే అని మీ నానమ్మ నాతో పది రూపాయలు పందెం కాసింది. నిజం రాయి.

తాతయ్య
తెనాలి