కేకలేస్తేనే పని కదులుతుందా? జట్టు నడిపేవారి అపోహలు - వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ దుకాణమైనా, విజయవాడ ఆటోనగర్లో వర్క్‌షాపైనా, పదిమందితో పని చేయించే చోట మేం ముందు చూసేది ఒక్కటే. ఏదైనా తేడా జరిగితే ఆ మాట యజమాని చెవిన ఎప్పుడు పడుతోంది? అదే రోజా, నెల తర్వాతా?

అపోహ: భావోద్వేగ ప్రజ్ఞ (ఎమోషనల్ ఇంటెలిజెన్స్) అంటే అందరితో మెత్తగా ఉండటం.

మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ సలోవే, జాన్ మేయర్ 1990లో ఇచ్చిన నిర్వచనంలో మెత్తదనం ఊసే లేదు. తనలోని, ఎదుటివారిలోని భావాలను గమనించడం, ఏది ఏమిటో పోల్చుకోవడం, ఆ ఎరుకతో ఆలోచించి నడుచుకోవడం. అంతే. రోజూ గంట ఆలస్యంగా వచ్చేవాణ్ణి మొహమాటానికి వదిలేస్తే, టైముకొచ్చే నలుగురి మనసు విరిగిపోతుంది. అది గమనించి అతనికి గట్టిగా చెప్పడం కూడా ఈ ప్రజ్ఞే.

అపోహ: కేకలేస్తేనే పని కదులుతుంది.

రివర్సులో వస్తున్న లారీ వెనక మనిషి ఉంటే కేకే వేయాలి. పొరపాటు చేసినవాడి మీద వేసే కేక మాత్రం రాబోయే పొరపాటును దాచిపెడుతుంది. అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్‌కు, బాగా కలిసి పనిచేసే జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం కాదు, దాచకుండా చెప్పడమే కారణమని ఆమె వివరించారు.

మిర్చి యార్డులో కాటా దగ్గర చూడండి. గుమాస్తా 42.6 కిలోల టిక్కీని (మిర్చి బస్తాను) 46.2 అని రాశాడు. పావుగంటకు తనకే తట్టింది. మిట్టమధ్యాహ్నం ఎండ, పక్కనే రైతు, హమాలీలు. "అయ్యా, ఒక తూకం తారుమారైంది" అని నసుగుతూ వచ్చాడు. "కళ్లు కనబడట్లేదా?" అన్నారో, ఈసారి తప్పు మీదాకా రాదు. లెక్క కుదరక సీజన్ చివర్లో బయటపడుతుంది. "చెప్పి మంచి పని చేశావు. ఏ లాటు? సరుకు ఇక్కడే ఉందా?" అని అడగండి. టిక్కీని మళ్లీ కాటా ఎక్కించి, రైతు కళ్లముందే చీటీ దిద్దండి. ఎందుకు జరిగిందన్నది సాయంత్రం, మీరిద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. చాలాసార్లు కారణం, అంకె చూసేదీ రాసేదీ ఒకడే కావడం. ఒకరు చదవాలి, రాసేవాడు ఆ అంకెను పైకి అని రాయాలి.

అపోహ: విలువలు గోడమీద రాస్తే అందరివీ అవుతాయి.

"నిజాయితీ, నాణ్యత, సేవ" అని ఫ్రేము కట్టిస్తే, కాటా దగ్గర నిలబడ్డవాడికి ఏం చేయాలో తెలియదు. బేరాలు పల్చగా ఉన్న రోజు 40 నిమిషాలు అందర్నీ కూర్చోబెట్టి, "ఏ పని చేస్తే మన దుకాణం పరువు పోతుంది?" అని అడగండి. చేయకూడనివి జనం నోట తేలిగ్గా వస్తాయి. వాటిలోంచి మూడు వాక్యాలు తేల్చండి, ప్రతిదీ కంటికి కనబడే పనై ఉండాలి. "తాలు కాయ అడుగున పెట్టి మంచి కాయ పైన పరవం." "రైతు చూడకుండా కాటా వేయం." "తప్పు తెలిసిన రోజే చెబుతాం." ఈ కూర్చోబెట్టడంలో గుమాస్తాలనే పిలిచి ముఠా మేస్త్రిని వదిలేస్తుంటారు. మా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు అదే. బస్తా మీద చేయి వేసేది ఆయన మనుషులే. ఇక, పెద్ద బేరం పోతుందని యజమానే ఒక వాక్యం దాటితే, మిగతా రెండూ ఆ పూటతోనే చెల్లకుండా పోతాయి.

అపోహ: ఇంటి సంగతులు గేటు బయటే వదిలి రావాలి.

ఇంట్లో జ్వరంతో ఉన్న బిడ్డను వదిలి వచ్చినవాడి చేత అంకెలు తప్పుతాయి. ఆరా తీయక్కర్లేదు. పక్కకు పిలిచి, "ఈ పూట కాటా దగ్గర ఉంటావా, సరుకు దించేచోట చూసుకుంటావా?" అని అడగండి. నలుగురి ముందు మాత్రం అడగొద్దు.