బొమ్మలతో ఆటలా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఓ మెడికల్ కాలేజీ స్కిల్స్ ల్యాబ్‌లో, అంటే రోగుల కన్నా ముందు బొమ్మల మీద వైద్యం సాధన చేయించే చోట, పాఠాలు చెప్పే మత్తు డాక్టర్ని. అనంతపురం, చిత్తూరు నుంచి పిల్లల్ని చేర్చడానికొచ్చే తల్లిదండ్రులు మా ల్యాబ్ చూసి ఒకటే అడుగుతారు: "ఇంత ఫీజు కట్టించుకుని బొమ్మలతో ఆడిస్తారా సార్?" 2019 నాటి కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక ఈ ల్యాబ్‌ను తప్పనిసరి చేసిందని చెప్పినా వాళ్ళ ముఖాలు విప్పారవు.

అపోహ: ఇదంతా ఫారిన్ మోజు, కోట్లుంటేనే కుదిరే పని.

మన ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు శిష్యుల చేత ముందు సొరకాయ, గుమ్మడి, దోస కోయించమన్నాడు. సిర గుచ్చడానికి తామర తూడు, కట్టు కట్టడానికి మనిషి బొమ్మ వాడమన్నాడు. మేమూ కుట్లు వేయడం కోడి తొడ మీదే నేర్పుతాం. తోలు తీయకుండా కావాలంటే శివాజీనగర్ చికెన్ కొట్టతను ఇప్పటికీ నా వైపు వింతగా చూస్తాడు.

అపోహ: బొమ్మే కదా, భయమేముంటుంది?

వచ్చి చూడండి. మొన్న ఓ హౌస్ సర్జన్ బొమ్మ ముందు నిలబడింది. మానిటర్‌లో గీత చదునైపోయింది, అంటే గుండె ఆగినట్టు. ఒకరు ఛాతీ నొక్కుతున్నారు. ఈ అమ్మాయి "అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము ఇవ్వండి!" అని గట్టిగానే అంది. ఎవరితో? పక్కనున్న ముగ్గురూ మిగతా ఇద్దరిలో ఎవరో ఇచ్చేశారనుకున్నారు. గుండెను మళ్ళీ కొట్టించడానికిచ్చే ఆ మందు సిరంజి ట్రేలోనే ఉంది. తర్వాత వీడియో చూపిస్తే, "సార్, నేను గోడకి చెప్పాను" అంది తనే. రెండోసారి, "సిస్టర్, అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము మీరివ్వండి, ఇచ్చాక చెప్పండి" అంది. "ఇచ్చాను డాక్టర్" అని జవాబొచ్చింది. ఆట పది నిమిషాలే. ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకునే అరగంటే అసలు పాఠం. దాన్ని ఎగ్గొట్టే చోట బొమ్మ ఎంత ఖరీదైనదైనా దండగ.

అపోహ: ఇక రోగి మంచం దగ్గరికి వెళ్ళక్కర్లేదు.

ఎందుకక్కర్లేదు? కడుపు నొక్కితే బొమ్మ ముఖం చిట్లించదు. కన్నడం కలిసిన తెలుగులో "గుండెల్లో ఏదోలా ఉంది" అని నసగదు.

అపోహ: సీనియర్లకు ఇది అవసరం లేదు.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక ఆసుపత్రి కాన్పుల విభాగంలో సీనియర్లతో సహా అందరికీ ఇలాంటి శిక్షణ ఇచ్చారు. బిడ్డ భుజం ఇరుక్కున్న కాన్పుల్లో బిడ్డలకయ్యే గాయాలు 9.3 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గాయి. అంత దూరమెందుకు, నా సంగతే చెప్తాను. గుండె ఆగిన పెద్దవాళ్ళకు ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్లు లోపలికి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని రోజూ చెప్పే నేను, కొలత చూపించే బొమ్మ మీద మొదటిసారి నొక్కితే 4 దాటలేదు. వెనక సెకండియర్ పిల్లలు నిలబడి తెర వైపే చూస్తున్నారు.