సార్క్‌లో నిర్ణయం ఎవరిది? క్లాసులో ఏటా వినే అపోహలు, అసలు సంగతులు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్, సివిల్స్ పిల్లలకి అంతర్జాతీయ సంబంధాలు చెప్పడం మొదలుపెట్టి పన్నెండేళ్లు దాటింది. ఏ బ్యాచ్ వచ్చినా సార్క్ (దక్షిణాసియా ప్రాంతీయ సహకార సంఘం) పాఠం రోజు ఒకటే తంతు. ఎనిమిది దేశాల పేర్లు గడగడా అప్పజెప్పేస్తారు, 1985 అంటారు, కాఠ్మాండూ అంటారు, "సరే, మరి నిర్ణయం తీసుకునేది ఎవరమ్మా?" అని అడిగామో, ఇక గదిలో వినపడేది ఫ్యాన్ల చప్పుడే. తప్పు పూర్తిగా వాళ్లది కాదు. ఆ మధ్య ఒక కోచింగ్ సెంటర్ మెటీరియల్ (పేరు అనవసరం) చేతికొస్తే తిరగేశాను, ‘సార్క్ పార్లమెంటు’ అని ఏకంగా ఒక హెడ్డింగే పెట్టారు.

అందుకే ఎక్కువగా వినపడే అపోహలన్నీ ఒక చోట రాస్తున్నా.

అపోహ: సార్క్ అంటే మన యూరోపియన్ యూనియన్, కాకపోతే చిన్నది.

పోలికే తప్పు. యూరోపియన్ యూనియన్‌లో చట్టం ముసాయిదా రాయడానికి కమిషన్ ఉంది, జనం ఓటేసి ఎన్నుకున్న 720 మంది పార్లమెంటు ఉంది, మాట తప్పిన దేశాన్ని బోనెక్కించడానికి లక్సెంబర్గ్‌లో కోర్టు ఉంది. చాలా విషయాల్లో 55 శాతం దేశాలు, 65 శాతం జనాభా అటు మొగ్గితే చాలు, మిగతావాళ్లకి నచ్చకపోయినా ఆ చట్టం పాటించాల్సిందే. అంటే సభ్యదేశాలు తమ అధికారంలో కొంత నిజంగానే వదులుకున్నాయి.

సార్క్‌లో ఎవరూ ఏదీ వదులుకోలేదు. 1985 డిసెంబర్ 8న ఢాకాలో సంతకాలు చేసిన చార్టర్ మొత్తం పది అధికరణాలు, టీ తాగుతూ చదివేయొచ్చు. పార్లమెంటు లేదు. స్పీకర్లు, ఎంపీల సంఘం ఒకటుంది గానీ అది చట్టాలు చేసేది కాదు. కోర్టూ లేదు. ఇస్లామాబాద్‌లో మధ్యవర్తిత్వ మండలి ఉంది, అదీ వ్యాపార తగాదాల కోసం, అదీ ఇద్దరూ ఒప్పుకుంటేనే. ఉన్నదల్లా మెట్లు మెట్లుగా సమావేశాలు. పై మెట్టు మీద దేశాధినేతలు, ఏడాదికి ఒక్కసారైనా కలవాలి. వాళ్ల కింద విదేశాంగ మంత్రుల మండలి, ఏడాదికి రెండుసార్లు. దాని కింద విదేశాంగ కార్యదర్శులు కూర్చునే స్థాయీ సంఘం, ఆ కింద వ్యవసాయం, ఆరోగ్యం లాంటి వాటికి సాంకేతిక కమిటీలు. పరీక్షల్లో మెలిక పెట్టే ప్రోగ్రామింగ్ కమిటీ ఉంది చూశారూ, దాని పేరు చార్టర్‌లో ఎక్కడా కనపడదు, పని నడవడం కోసం తర్వాత పెట్టుకున్నది.

ఈ మెట్ల మీద ఎక్కడ చూసినా కూర్చున్నది ఆయా దేశాల ప్రభుత్వ ప్రతినిధులే. ‘సార్క్ తరఫు మనిషి’ అంటూ ఒక్కడూ లేడు.

అపోహ: సెక్రటరీ జనరల్ ఉన్నాడుగా, ఆయనే బాస్.

కాఠ్మాండూ సెక్రటేరియట్ మొదలైంది 1987 జనవరిలో, అంటే సంస్థ పుట్టిన ఏడాది తర్వాత. సెక్రటరీ జనరల్‌ని ఎన్నుకోరు. దేశాల పేర్ల అక్షరక్రమంలో వంతు వస్తుంది, మంత్రుల మండలి నియమిస్తుంది, మొదట్లో రెండేళ్లు, ఇప్పుడు మూడేళ్లు. ఆ అక్షరక్రమం కూడా శిలాశాసనం కాదు. 2023లో శ్రీలంక వంతు అయిపోయింది, ఇంగ్లిష్ అక్షరాల లెక్కన తర్వాత అఫ్గానిస్తాన్ రావాలి, కాబూల్‌లో ఉన్నది అప్పటికి ఎవరూ సరిగ్గా గుర్తించని తాలిబాన్ ప్రభుత్వం, పదవి బంగ్లాదేశ్‌కి వెళ్లింది. ఆయన కింద డైరెక్టర్లు ఒక్కో దేశం నుంచి ఒక్కొక్కరు, తమ తమ ప్రభుత్వాలు పంపితే వచ్చినవాళ్లు.

ఈ పదవికున్న బలమెంతో తెలియాలంటే ఫాతిమత్ ధియానా సయీద్ సంగతి చూడాలి. మాల్దీవులకి చెందిన ఆవిడ 2011లో సార్క్ తొలి మహిళా సెక్రటరీ జనరల్ అయ్యారు. కొన్ని నెలలకే సొంత దేశంలో ఒక జడ్జి అరెస్టును విమర్శించారు, దాని మీద గొడవై 2012 జనవరిలో రాజీనామా చేశారు. సమావేశాలు ఏర్పాటు చేయడం, ఫైళ్లు చూడటం, కార్యక్రమాలు సమన్వయం చేయడం, ఆ కుర్చీ పని అంతవరకే. పెద్ద గుమాస్తా అంటే మా స్టూడెంట్లు నవ్వుతారు, కానీ నాకు అంతకంటే సరైన మాట దొరకలేదు.

అపోహ: ఎనిమిదిలో ఐదు దేశాలు ఒప్పుకుంటే తీర్మానం పాస్.

మొత్తం పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. పదో అధికరణం: అన్ని స్థాయుల్లోనూ నిర్ణయాలు ఏకగ్రీవం. మెజారిటీ అన్న మాటే లేదు. భారత్‌కి ఎంత విలువో మాల్దీవులకీ అంతే, ఎనిమిది మందికీ ఎనిమిది తాళాలు ఇచ్చారు, అన్నీ తీస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

2014 నవంబర్‌లో కాఠ్మాండూ సదస్సుకి మోటారు వాహనాల ఒప్పందం, రైల్వే ఒప్పందం, విద్యుత్ ఒప్పందం, మూడూ సిద్ధమయ్యాయి. మా అంతర్గత ప్రక్రియ పూర్తి కాలేదని పాకిస్తాన్ అంది, చివరికి సంతకాలైంది విద్యుత్ ఒప్పందం ఒక్కటే. మిగతా ఏడు దేశాలూ పెన్నులు పట్టుకుని సిద్ధంగా ఉన్నా చేయగలిగింది ఏమీ లేదు. ఆ తర్వాత 2015 జూన్‌లో భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్ నాలుగూ థింపూలో విడిగా వాహనాల ఒప్పందం చేసుకున్నాయి, సార్క్ బయట. (దాన్ని కూడా భూటాన్ పార్లమెంటు ఎగువ సభ ఒప్పుకోలేదనుకోండి, అది వేరే కథ.)

ఇక్కడ ముందు బెంచీ నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఏడో అధికరణం ఉంది కదా సార్?" ఉంది, మంచి ప్రశ్న. ఇద్దరికి మించి, అందరికంటే తక్కువ దేశాలు కలిసి చేసే ప్రాజెక్టులకి కార్యాచరణ కమిటీలు పెట్టుకోవచ్చు అంటుంది. కానీ ఆ కమిటీని వేయాల్సింది స్థాయీ సంఘం. అక్కడ నిర్ణయం ఎలా తీసుకుంటారు? మళ్లీ ఏకగ్రీవం. కిటికీ పెట్టారు, దానికీ అదే తాళం వేశారు.

అపోహ: 2016లో ఉరీ దాడి జరిగాకే సదస్సులు ఆగిపోవడం మొదలైంది.

ఆగింది నిజమే. ఆ నవంబర్‌లో ఇస్లామాబాద్‌లో జరగాల్సిన 19వ సదస్సుకి భారత్ రానంది, బంగ్లాదేశ్, భూటాన్, అఫ్గానిస్తాన్ కూడా అదే దారి పట్టాయి. ఇప్పటికీ ఆ సదస్సు జరగలేదు. కానీ ఈ అలకలు కొత్తవి కావు. 1989లో కొలంబోలో జరగాల్సింది, మన శాంతి సేన ఇంకా తమ గడ్డ మీదే ఉందని శ్రీలంక ఆతిథ్యం ఇవ్వనంది. 1991లో భూటాన్ రాజు రాలేకపోతే అదే కొలంబో సదస్సు నెల వెనక్కి జరిగి చివరికి ఒక్క రోజులో ముగిసింది. 1992 డిసెంబర్‌లో ఢాకా సదస్సు, బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత వాయిదా పడి 1993 ఏప్రిల్‌లో జరిగింది. 1999 నాటిది 2002 జనవరిలో జరిగింది. ఏడాదికి ఒక్కసారైనా అని చార్టర్ చెప్పింది కదా, 1985 నుంచి 2014 దాకా జరిగినవి మొత్తం 18.

పిలిచినవాళ్లలో ఒక్కరు అలిగినా ముహూర్తం తప్పిపోయే పెళ్లి ఇది. నిజానికి ‘ఒకరు రాకపోతే సదస్సు రద్దు’ అని చార్టర్‌లో విడిగా ఎక్కడా రాయలేదు, అన్ని స్థాయుల్లోనూ ఏకగ్రీవం అన్నారు కాబట్టి లేని మనిషి ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది అని ఆచారంగా వచ్చింది. పేపర్లో దీన్ని నాయకుల పంతాల కథలా రాస్తారు. పంతాలు ఎక్కడైనా ఉంటాయి, ఒకరి పంతం అందరినీ ఆపేయగలిగేలా కట్టింది మాత్రం ఈ ఇల్లు.

అపోహ: కశ్మీర్ తేల్చలేని సార్క్ ఎందుకు?

అదే పదో అధికరణం రెండో వాక్యం: ద్వైపాక్షిక, వివాదాస్పద అంశాలు చర్చకు తీసుకోకూడదు. ఆ పని దానికి ఎవరూ అప్పగించనే లేదు. అయితే సదస్సుకి వచ్చిన నాయకులు పక్క గదిలో మాట్లాడుకోవద్దని ఎవరన్నారు? 2004 జనవరిలో ఇస్లామాబాద్ సదస్సుకి వెళ్లిన వాజ్‌పేయి, ముషారఫ్ కలిసి సంయుక్త ప్రకటన ఇచ్చింది అలాగే. నన్నడిగితే సార్క్ వల్ల జరిగిన పెద్ద మేలు ఈ పక్క గదులే, సదస్సులు ఆగడం వల్ల ముందు పోయిందీ అదే.

అపోహ: సదస్సులు లేవు కాబట్టి సార్క్ మూతపడింది.

కాఠ్మాండూ ఆఫీసు తెరిచే ఉంది. ఢిల్లీలో దక్షిణాసియా విశ్వవిద్యాలయం నడుస్తోంది, థింపూలో అభివృద్ధి నిధి, ఢాకాలో ప్రమాణాల సంస్థ ఉన్నాయి. కానీ సార్క్ పేరున్నవన్నీ ఆ సెక్రటేరియట్ చేతిలోవి అనుకోకండి. 2022 జనవరిలో సంక్షోభంలో ఉన్న శ్రీలంకకి సార్క్ కరెన్సీ స్వాప్ కింద 40 కోట్ల డాలర్లు వెళ్లాయి కదా, ఆ డబ్బు మన రిజర్వ్ బ్యాంకుది, ఒప్పందం రెండు కేంద్ర బ్యాంకుల మధ్యది.

సాఫ్టా అంతే, సార్క్ వీసా అంతే. 2006 నుంచి సాఫ్టా, అంటే సార్క్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, అమల్లో ఉన్నా, పుల్వామా తర్వాత 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్ సరుకుల మీద భారత్ 200 శాతం సుంకం వేసింది. సార్క్ వీసా మినహాయింపు జడ్జీలు, ఎంపీలు, జర్నలిస్టులు లాంటి 24 వర్గాలకే, మీకూ నాకూ కాదు, పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో పాకిస్తానీయులకి దాన్ని కూడా భారత్ ఆపేసింది. ఎవరి సరిహద్దు తాళం చెవి వాళ్ల దగ్గరే ఉంది.

అపోహ: బిమ్స్‌టెక్ వచ్చింది, పాకిస్తాన్ లేదు, ఇక సమస్య తీరిపోయింది.

బిమ్స్‌టెక్ అంటే బంగాళాఖాతం ప్రాంతపు ఏడు దేశాల కూటమి, 1997లో మొదలైంది, దాని చార్టర్ మీద సంతకాలయ్యేసరికి 2022 వచ్చింది, అమల్లోకి వచ్చింది 2024 మేలో. పాతికేళ్లు రాతపూర్వక నియమావళి లేకుండానే నడిచింది. అక్కడా ఏకాభిప్రాయమే పద్ధతి. మెంబర్లు మారారు గానీ తాళాల ఏర్పాటు మారలేదు. ఏడింటిలో ఐదు దేశాలు సార్క్‌లో ఉన్నవే.

చివరగా, మొన్న టెస్టులో సగం మంది తప్పు రాసిన బిట్టు. సార్క్‌కి ప్రస్తుత అధ్యక్ష దేశం ఏది? ఆతిథ్యమిచ్చిన దేశం వచ్చే సదస్సు దాకా అధ్యక్ష స్థానంలో ఉంటుంది. కాబట్టి జవాబు నేపాల్, 2014 నుంచీ.