సూది 3 మీదే ఉంది, మరి ధార ఏది?

"కొత్త బాయిలర్ పెట్టించుకోబోతున్నాం. కుళాయికి ప్రెజర్ గేజ్ తగిలిస్తే 3 బార్ చూపించింది. చాలు కదా?" అని ఒక పాఠకురాలు అడిగారు. చాలో లేదో ఆ 3 చెప్పలేదు. ఎందుకంటే కదలని నీటికి గొట్టంతో పేచీ లేదు. ఈ ఒక్క సంగతి నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది.

3 బార్ అంటే సుమారు 30 మీటర్ల ఎత్తు నీళ్లని నిలబెట్టే ఒత్తిడి. నీళ్లు నిలిచి ఉన్నంతసేపూ గొట్టం బొటనవేలంత లావున్నా, పెన్ను రీఫిల్ అంత సన్నగా ఉన్నా గేజ్ మీద అంకె అదే. బళ్లో పాఠం ఇక్కడే ఆపేస్తాం. ఒత్తిడి ఉంటే ధార ఉన్నట్టేనని పిల్లలు అనుకుని ఉండిపోతారు.

కుళాయి తిప్పగానే నీళ్లు గోడల్ని ఒరుసుకుంటూ, సుడులు తిరుగుతూ వస్తాయి. 15 మిల్లీమీటర్ల గొట్టంలో నిమిషానికి 10 లీటర్లు పారితే వేగం సెకనుకు దాదాపు మీటరు, ప్రవాహం సాఫీగా ఉందా, చెదిరిందా అని చెప్పే రేనాల్డ్స్ సంఖ్య సుమారు 14,000. 1883లో ఇంజనీర్ ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగు వదిలి చూపించాడు: నెమ్మదిగా పారితే రంగు దారంలా సాగింది, వేగం పెరిగితే చెదిరి నీళ్లలో కలిసిపోయింది. మన ఇళ్ల గొట్టాల్లో ఉండేది ఆ చెదిరిన ప్రవాహమే. అందులో ధార రెట్టింపు కావాలంటే ఒత్తిడి నష్టం దాదాపు నాలుగు రెట్లవుతుంది. గొట్టం లోపలి వ్యాసం తగ్గితే ఇంకా ఘోరం, నష్టం దాని ఐదో ఘాతం లెక్కన పెరుగుతుంది. ఉప్పు పేరుకుని 15 మిల్లీమీటర్ల దారి 12 అయిందనుకోండి. తగ్గింది 3 మిల్లీమీటర్లే, అదే ధారకి ఒత్తిడి నష్టం మాత్రం మూడు రెట్లు! మూసిన కుళాయి దగ్గర గేజ్‌కి ఇదేదీ తెలియదు.

మా వంటింట్లో లీటరు జగ్గుతో, ఫోన్‌లో స్టాప్‌వాచ్‌తో చూశాను. ఒక్క కుళాయే తిప్పితే 5 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 12 లీటర్లు. బాత్‌రూమ్ కుళాయి కూడా తిప్పించాను. ధార కళ్లముందే సన్నబడింది. ఈసారి 8 సెకన్లు, ఏడున్నర లీటర్లు.

బాయిలర్ ఎంత పెద్దది కావాలో తేల్చేదీ ఈ ధారే. నిమిషానికి లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 70 వాట్లు కావాలి. 15 డిగ్రీల నీళ్లని 50కి తేవాలంటే 10 లీటర్లకి 24.5 కిలోవాట్లు, 6 లీటర్లకైతే 15 కూడా అక్కర్లేదు. పెద్ద బాయిలర్ పెడితే ధార కూడా పెరుగుతుందని చాలామంది నమ్మకం. అప్పటికప్పుడు వేడిచేసే బాయిలర్ కుళాయి నీళ్లని తోయదు, వచ్చినవాటిని వేడి చేస్తుంది. పైగా దాని లోపలి సన్నటి దారులు ఇంకొంచెం ఒత్తిడిని తినేస్తాయి. ధార మరీ సన్నగిల్లితే బర్నర్ వెలగనే వెలగదు.

మీరు ముందు మెయిన్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి, కుళాయి మూతికున్న జాలీ విప్పి కడగండి. అందరూ నీళ్లు వాడే వేళ, గేజ్‌ని ఆ కుళాయికే ఉంచి పక్క కుళాయి తిప్పండి. సూది ఎంతకి దిగింది, లీటరు ఎన్ని సెకన్లలో నిండింది, ఈ రెండూ రాసుకుని బాయిలర్ అమర్చేవాళ్లకి చూపించండి.