కుళాయి రాని రోజు సంపులో నీళ్ళు పెరిగితే

నెల్లూరులో మా ఇంటి సంపు పక్కన ఒక వెదురు బద్ద ఉండేది. నీళ్ళు ఎంతున్నాయో చూసుకోడానికి అమ్మ దాని మీద జానకొక గీత గీసి పెట్టింది. ఒక కార్తీక మాసంలో, ముసురు పట్టిన మూడో రోజు పొద్దున బద్ద దించి చూసి, "రాత్రి నాలుగో గీత దగ్గరున్నాయి, ఇప్పుడు ఐదు దాటాయి. కుళాయి రాలేదుగా?" అంది. రాలేదు. బోరు మోటారూ వెయ్యలేదు. ముందు అందరం సంతోషించాం. మధ్యాహ్నానికి ఆ నీళ్ళు మురుగు వాసన కొట్టాయి.

అప్పటిదాకా మా భయమంతా లోపలి నీళ్ళు ఇంకిపోతాయేమోననే. బయటి నీళ్ళు లోపలికి వస్తాయన్న ఆలోచనే రాలేదు. నెల్లూరుకు ఎక్కువ వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. పెన్న పక్కన ఇసుక కలిసిన నేల, సముద్రమూ దగ్గరే. ఆ నెలల్లో పల్లపు వీధుల్లో కొద్ది అడుగులు తవ్వితే ఊట తగులుతుంది. మే నెలలో నేల ఎండి ఉన్నప్పుడు సంపులోని నీళ్ళు గోడల్ని బయటికి నెడతాయి. నవంబరులో నేలలోని నీళ్ళు అవే గోడల్ని లోపలికి నెడతాయి. రెండు మీటర్ల లోతున ఆ ఒత్తిడి చదరపు మీటరుకు రెండు టన్నులు. సెప్టిక్ ట్యాంకును సంపు పక్కనే కట్టుకున్న ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో. గోడలో వెంట్రుకంత సందు దొరికితే చాలు, ఆ ఒత్తిడికి మురుగు మంచినీళ్ళలో కలుస్తుంది.

ఖాళీ సంపుకు ఇంకో గండం కూడా ఉంది. అది తేలుతుంది. లోపల 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల లోతు ఉన్న సంపు తీసుకోండి. 7,200 లీటర్లు పడుతుంది. గోడలూ, అడుగున పోసే కాంక్రీటు బెడ్డూ 15 సెంటీమీటర్ల మందం, పైన స్లాబు 12 అయితే, మొత్తం కాంక్రీటు బరువు సుమారు 9.4 టన్నులు. భూమిలో నీళ్ళు నేల మట్టం దాకా వస్తే సంపు పక్కకు తోసే నీళ్ళ బరువు దాదాపు 11 టన్నులు. ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం అది పైకి లేవాల్సిందే. చుట్టూ గట్టించిన మట్టి రాపిడి, పైన కట్టిన ఇంటి బరువు పట్టి ఉంచబట్టి లేవదు. అసలు ప్రమాదం కట్టుబడి మధ్యలో. స్లాబు వెయ్యకముందు దాని బరువు 7.8 టన్నులే, గుంట నిండితే పైకి నెట్టే బలం 10 టన్నులు దాటుతుంది. గోడల చుట్టూ మట్టి కూడా పూడ్చి ఉండదు. ఆ సమయంలో ముసురు పడితే జంకకుండా సంపులోకి ముప్పావు మీటరు నీళ్ళు వదలాలి. 3 టన్నుల బరువు కలుస్తుంది. బెడ్డును గోడల కంటే అడుగు బయటికి పోయిస్తే, పూడ్చాక దాని మీద మట్టి కూర్చుని ఎప్పటికీ పట్టి ఉంచుతుంది.

ఇక గోడలోంచి నీళ్ళు ఎలా వస్తాయన్నది. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది గట్టిపడేది నీళ్ళను తనలో కలుపుకుని కొత్త పదార్థంగా మారడం వల్ల. 50 కిలోల బస్తా అలా కలుపుకునేది 12 లీటర్ల దాకా. కొత్తగా పుట్టిన పదార్థపు అతి సన్న రంధ్రాల్లో ఇంకొంత ఇరుక్కుంటుంది. అన్నీ కలిపి 20 లీటర్ల చుట్టూ. ఆపైన పోసిన ప్రతి చెంబూ ఎప్పటికో ఆరిపోయి, తానున్న చోట కంటికి కనపడని గొట్టాలు వదిలిపోతుంది. తడి ఆరకుండా చూస్తే సిమెంటు పెరుగుతూ ఆ గొట్టాల్ని మధ్యమధ్యలో మూసేస్తుంది. ఎన్నాళ్ళకు మూస్తుందో 1959లో పవర్స్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన సహచరులు లెక్కగట్టారు. బస్తాకు 20 లీటర్లు పోస్తే మూడు రోజులు, 22.5 పోస్తే ఏడు రోజులు, 25 పోస్తే రెండు వారాలు. 30 లీటర్లయితే ఆరు నెలలు. 35 దాటితే ఎన్నేళ్ళు తడిపినా ఆ గొట్టాలు పూర్తిగా మూసుకోవు.

ఈ లెక్క తెలిశాక నాకు సంపు పనుల్లో నీళ్ళ పైపు పట్టుకున్న మనిషిని చూస్తేనే టెన్షన్. మాలు, అంటే కలిపిన కాంక్రీటు, బొచ్చెలోంచి జారాలని, పోతకు కట్టిన చెక్కల అచ్చులోకి, అదే సెంట్రింగ్‌లోకి సులువుగా దిగాలని ఇంకో బకెట్ కుమ్మరిస్తారు. కష్టమైన పని, వాళ్ళను తప్పుపట్టలేం. దానికి వేరే మందు ఉంది. నీళ్ళు పెంచకుండా మాలును జారుగా చేసే ప్లాస్టిసైజర్ కొద్దిగా కలిపి, మాలును కుదిపి సర్దే వైబ్రేటర్ పెట్టాలి. వాన తర్వాత తెచ్చిన ఇసుకలోనే బోలెడు నీళ్ళుంటాయి, అవి కూడా తగ్గించుకోవాలి. సముద్రానికి దగ్గరున్న ఒంగోలు, కొత్తపట్నం వైపు కట్టేవాళ్ళు బోరు నీళ్ళతో మాలు కలిపేముందు పరీక్ష చేయించాలి. కడ్డీలున్న కాంక్రీటులో వాడే నీటిలో క్లోరైడు, అంటే ఉప్పులో ఉండే పదార్థం, లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఉప్పు లోపలి కడ్డీని తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును లోపల్నుంచే పగలగొడుతుంది.

ఇంత చేసినా కారేది ఎక్కువగా ఒకే చోట, బెడ్డు గోడను కలిసే గీత దగ్గర. ఈరోజు బెడ్డు పోసి వారం తర్వాత గోడ పోస్తే పాతదీ కొత్తదీ ఒకటి కావు. అందుకే బెడ్డుతోపాటే గోడను అరడుగు లేపి, ఆ అతుకులో నీళ్ళు దాటకుండా అడ్డుపడే పీవీసీ వాటర్‌స్టాప్ పట్టీ నిలబెట్టాలి. లోపలి మూలను గుండ్రంగా నింపాలి. ఇటుక గోడతో కట్టే సంపులో భారమంతా ప్లాస్టరింగ్ మీదే పడుతుంది. ఊట నేలలో నేను దాన్ని వద్దనే చెబుతాను. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలలైతే తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుని గోడను లాగుతూ తోస్తూ ఉంటాయి. చుట్టూ ఆ మట్టితోనే పూడ్చకుండా గ్రావెల్ పోసి గట్టించాలి.

సన్నటి చీలికల్ని కాంక్రీటు తనే మాన్పుకుంటుంది, అది నాకు ఎప్పుడూ అబ్బురమే. చీలికలో ఊరే నీళ్ళు సిమెంటులోని సున్నాన్ని కరిగించి తెస్తాయి. అది కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేటుగా, అంటే సున్నపురాయిగా పేరుకుంటుంది. పాత సంపు గోడల మీద కనిపించే తెల్లటి చార అదే. మిల్లీమీటరులో పదో వంతు చీలిక ఇలా పూడుకోగలదు. గోరు పట్టే సందు పూడదు.

కోటింగుల దగ్గరికి ఆఖర్న వచ్చాను, ఎందుకంటే అవి ఆఖరి పనే. పూత ఎటువైపు నీళ్ళు నెడుతున్నాయో అటువైపు ఉంటే ఒత్తిడి దాన్ని గోడకేసి అదుముతుంది, ఎదురువైపు ఉంటే పొక్కులా లేపుతుంది. మన సంపుకు రెండువైపులా నీళ్ళే కాబట్టి మట్టి పూడ్చకముందే బయట ఒక పూత, తర్వాత లోపల మంచినీటికి పనికొచ్చే పాలిమర్ సిమెంటు పూత రెండుసార్లు. ఆ క్రమానికి ముందు ఒక పరీక్ష ఉంది. గోడలు బయటికి కనిపిస్తుండగానే సంపు నింపి వారం ఉంచాలి. తడి మచ్చ ఎక్కడ తేలితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకుని ఆ చోటు బాగుచెయ్యాలి. మా ఇంట్లో ఆ పరీక్ష జరగలేదు. చివరికి బయట తవ్వే వీలు లేక లోపలి అతుకంతా చెక్కి, త్వరగా గట్టిపడే సిమెంటు కూరి, కాంక్రీటులోకి ఇంకి స్ఫటికాలు కట్టే పూత వేయించాం. గోడలోపల పెరిగేది కాబట్టి ఎదురు ఒత్తిడికి లేవదు.

ఆ పని మే నెలలో చేయించాం. సంపు ఖాళీ చేసి కడిగించే పని ఎప్పుడైనా ఎండాకాలానికే పెట్టుకోవాలి, ఊట పైకొచ్చిన నెలల్లో కాదు. మూత తీసి ఒక పూటంతా వదిలి, ఫ్యాను పెట్టి లోపలి గాలి మారిన తర్వాతే మనిషి దిగాలి. కొత్త సంపులో సెంట్రింగ్ చెక్క కుళ్ళినా ప్రాణవాయువు అయిపోతుంది, వాసనేమీ రాదు. ఆయిల్ ఇంజను లోపల దించకూడదు, దాని పొగ ప్రాణం తీస్తుంది. దిగిన మనిషి నడుముకు తాడు, పైన ఆ తాడు పట్టుకుని ఇద్దరు ఉండాలి. కింద మనిషి పడిపోతే పైవాళ్ళు తాడుతో లాగాలే గానీ, ఎంత కంగారులోనైనా వెనకే దిగకూడదు.