తలూపితే అర్థమైపోయినట్టేనా? వినపడని టీనేజ్ పిల్లలు: అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్లీ ఒక కేస్ షీట్‌లో చూశా: "పేషెంట్‌కి వినపడదు, తల్లి ద్వారా వివరించాం, అర్థమైంది." ఈ లైన్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: పక్కన అమ్మ ఉందిగా, ఆవిడ చెప్పేస్తుంది.

వాస్తవం: చెప్పడం ఆవిడ వల్ల కాదు. తప్పు ఆవిడది కాదు. వినపడని పిల్లల్లో 90 శాతం పైనే వినపడే తల్లిదండ్రులకి పుడతారు, వాళ్లలో చాలామందికి సైన్ లాంగ్వేజ్ రాదు, ఇంటి సైగలతో నెట్టుకొస్తుంటారు. ఆ సైగల్లో తిండి ఉంటుంది, నిద్ర ఉంటుంది, గర్భసంచి ఉండదు, కండోమ్ అసలే ఉండదు.

ప్రాక్టీస్ కొత్తలో ఒక పదిహేడేళ్ల అమ్మాయి, పీరియడ్స్ సరిగా రావట్లేదని వాళ్లమ్మ తీసుకొచ్చింది. హార్మోన్ టాబ్లెట్లు 21 రోజులు వేసుకో, 7 రోజులు ఆపు, మళ్లీ మొదలెట్టు, మర్చిపోతే ఇలా చెయ్, అని ఐదు నిమిషాలు చెప్పా. వాళ్లమ్మ రెండు సైగల్లో తేల్చేసింది. పిల్ల తలూపింది. నాకు అప్పుడే లైటు వెలగాలి, వెలగలేదు, బయట క్యూ ఉంది మరి. రెండు నెలల తర్వాత తెలిసింది, కడుపునొప్పి వచ్చిన రోజు మాత్రమే వేసుకుంటోందట! ఈసారి సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపించి, వాళ్లమ్మని కాసేపు బయట కూర్చోమన్నా (నొచ్చుకుంది పాపం). ఆ పిల్ల మొదట అడిగింది టాబ్లెట్ల గురించి కాదు, ముద్దు పెట్టుకుంటే కడుపొస్తుందా అని. నెలలుగా ఆ భయంతోనే ఉందట.

తెలివి తక్కువై కాదు. మనకి ఈ విషయాలు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా, పక్కగదిలో పెద్దవాళ్ల గుసగుసలు చెవినపడి సగం తెలిశాయి, వీళ్లకి ఆ దారే లేదు. "మళ్లీ చెప్పండి" అంటే జనం విసుక్కోవడం చూసి చూసి తలూపడం అలవాటైపోతుంది. అందుకే "అర్థమైందా" అనకండి, "రేపు టాబ్లెట్ మర్చిపోయావనుకో, ఏం చేస్తావ్" అని అడగండి. ఇంకో సంగతి, వినపడని పిల్లల మీద లైంగిక వేధింపులు మిగతా పిల్లల కంటే ఎక్కువ. వేధించేవాడు ఇంట్లోవాడై, మాట చేరవేసేదీ ఇంట్లోవాళ్లే అయితే ఇంకెవరికి చెప్పుకుంటుంది?

పెదాలు చూసి అర్థం చేసుకుంటారుగా అంటారు. ప, బ, మ మూడూ పెదాల మీద ఒకేలా ఉంటాయి, పైగా మీరు మాస్క్ పెట్టుకుని ఉంటారు.

రాసిస్తే సరి? సైన్ లాంగ్వేజే మొదటి భాష అయిన పిల్లలకి రాత రెండో భాష. "రిజల్ట్ పాజిటివ్" అంటే మంచి వార్తే అనుకునేవాళ్లు ఉన్నారు.

హియరింగ్ ఎయిడ్ ఉంటే చాలు? శబ్దం పెరుగుతుంది, మాట స్పష్టమవుతుందని గ్యారంటీ లేదు.

పరీక్షకి పడుకోబెట్టాక మీ మొహం, చేతులు తనకి కనపడవు, స్కానింగ్ గదిలో లైట్లు ఆపితే ఇక చీకటే. చెప్పాల్సిందంతా కూర్చున్నప్పుడే చెప్పండి, ఆపమనడానికి ఒక సైగ ముందే అనుకోండి. పెల్విక్ ఇన్ఫెక్షన్‌కి జెంటామైసిన్ (వినికిడిని దెబ్బతీయగల యాంటీబయాటిక్) రాసేముందు ఒక్క క్షణం ఆగండి, మిగిలిన ఆ కాస్త వినికిడీ పోవచ్చు.

ఇక తల్లులు తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చి మెల్లగా అడిగేది: "దీనికి పుట్టేవాళ్లకీ ఇలాగే ఉంటుందా?" ఉండాలనేం లేదమ్మా. మెనింజైటిస్ (మెదడు పొరలకి వచ్చే ఇన్ఫెక్షన్) వల్లో, కడుపులో ఉన్నప్పుడు తల్లికి వచ్చిన రుబెల్లా ఇన్ఫెక్షన్ వల్లో పోయిన వినికిడి పిల్లలకి రాదు. జన్యువుల వల్ల వచ్చినా, చాలా రకాల్లో తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ అదే జన్యులోపం వస్తేనే బిడ్డకి సమస్య. ఏ రకమో జెనెటిక్ టెస్ట్‌లో చాలాసార్లు తేలుతుంది. ఆ టెస్ట్ గురించి కూడా ముందు అమ్మాయితోనే మాట్లాడతా, ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకుని.