ఫోను కొనే ముందు అడగాల్సిన తారీఖు

నల్లగొండ

పిల్లలూ,

"నాయినమ్మ ఫోను మంచిగనే నడుస్తుంది కదా తాతా, బ్యాంకు యాప్ ఎందుకు తీసేసినవ్?" అని మొన్న అడిగారు. ఫోన్లో రెండు మాటల్లో తేలే ముచ్చట కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఫోను సెట్టింగ్స్‌లోకి వెళ్లి, 'అబౌట్ ఫోన్' నొక్కి, ఆండ్రాయిడ్ వెర్షన్ తెరిస్తే 'సెక్యూరిటీ అప్‌డేట్' అని ఒక తారీఖు కనబడుతుంది. నాయినమ్మ ఫోనులో అది 2021 అక్టోబరు దగ్గరే ఆగిపోయింది. అద్దం పగల్లేదు, ఛార్జింగ్ పొద్దుమూకేదాకా ఆగుతుంది, మాట స్పష్టంగా వినబడుతుంది. అయినా కంపెనీ లెక్కలో దాని పని అప్పుడే ఒడిసింది.

ఫోను లోపలి సాఫ్ట్‌వేర్ మనుషులు రాసిందే. లక్షల వరుసలు రాసినచోట తప్పులుంటాయి, ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంటాయి. 2015 జులైలో 'స్టేజ్‌ఫ్రైట్' అనే లోపం బయటపడింది. వీడియో ఉన్న ఒక్క మెసేజ్ చాలు, కొన్ని ఫోన్లలో మనం తెరవకముందే దొంగ లోపలికి రాగలడు. ఆ దెబ్బతో ఆండ్రాయిడ్ తయారుచేసే గూగుల్ నెలనెలా మరమ్మతులు విడుదల చేయడం మొదలుపెట్టింది. సెక్యూరిటీ అప్‌డేట్ అంటే ఈ మరమ్మతే. ఏ లోపాలు సరిచేశారో ఆ జాబితా అందరూ చదివేలా పెడుతుంది. దొంగలూ చదువుతారు. మరమ్మతు అందిన ఫోనుకు ఆ లోపాలతో ఏం కాదు. అందని ఫోను ఎక్కడ బలహీనమో మాత్రం ఊరంతా చాటింపు వేసినట్టే. అందుకే అలాంటి ఫోనులో మనం ఏమీ మార్చకపోయినా సరే, నెల నెలకూ దాని ప్రమాదం పెరుగుతూనే ఉంటుంది.

మరి కంపెనీలు ఎందుకు ఆపేస్తాయి? గూగుల్ రాసినంత మాత్రాన సరిపోదు. చిప్ తయారుచేసినవాళ్లు తమ వంతు సరిచేయాలి, ఫోను కంపెనీ దాన్ని తన మోడల్‌కు కుదిర్చి, పరీక్షించి పంపాలి. ఇదంతా ఖర్చు. అమ్మేసిన ఫోను మీద మళ్లీ పైసా రాదు, కొత్తది అమ్మితేనే వస్తుంది. కష్టమైన పనే, కానీ చేయలేని పని కాదు. 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడా భద్రతా అప్‌డేట్ అందింది. 2023లో పిక్సెల్ 8కు, 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్లు ఇస్తామని గూగుల్, సామ్‌సంగ్ మాటిచ్చాయి. అంటే ఎన్నాళ్లు ఇవ్వాలన్నది కంపెనీ తీసుకునే నిర్ణయమే. ఖరీదైన ఫోనుకు ఏడేళ్లు. పత్తి అమ్మిన పైసలతో దేవరకొండ రైతు కొనుక్కునే చౌక ఫోనుకేమో చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు. ఇది అన్యాయం. ఎవరి ఖాతాలో పైసలు తక్కువో వాళ్లే ముందుగా ఆగమవుతారు.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఉచితంగా అందుబాటులో ఉంచాలి. మనకూ అలాంటిది కావాలి. మీరు పెద్దయ్యాక గట్టిగా అడగండి.

ఈలోగా దుకాణంలో కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే ముందు, "సెక్యూరిటీ అప్‌డేట్ ఎప్పటిదాకా?" అని అడగండి. సాధారణంగా ఆ లెక్క మనం కొన్న రోజు నుంచి కాదు, మోడల్ బజారుకొచ్చినప్పటి నుంచి నడుస్తుంది. పండుగ ఆఫర్లో రెండేళ్ల కిందటి మోడల్ సగం ధరకు దొరికిందంటే, దాని ఆయుష్షులో రెండేళ్లు ముందే ఖర్చయినట్టు.

తారీఖు దాటిన ఫోనును పారేయమనడం లేదు. బ్యాంకు యాప్‌లు, ఓటీపీలు వచ్చే సిమ్ తీసేసి పాటలకు, భజనలకు వాడుకోవచ్చు. ఎవరో పంపిన ఏపీకే ఫైలు (నొక్కితే ఫోనులోకి యాప్ ఎక్కించేది) మాత్రం ఎక్కించొద్దు, కొత్త ఫోనులో కూడా. ఎవరి పైసలైనా పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

దసరాకు వచ్చేటప్పుడు మీ అమ్మానాన్నల ఫోన్లలో ఆ తారీఖు చూసి, మోడల్ పేరుతో సహా కాగితం మీద రాసుకొని రండి. ఏ ఫోనులో బ్యాంకు పని ఉంచాలో, దేంట్లోంచి తీసేయాలో కూర్చొని చూద్దాం.

మీ తాత